వేగమే ఊపిరి : స్టీవ్ మెక్వీన్ కథ

మన సావనీరులో ఏటా శాస్త్రవేత్తల జీవితాలు, దేశనాయకుల జీవితాలు వస్తూ వుంటాయి. ఈసారి నేను ఒక అమెరికన్ సినిమా నటుడి జీవితం రాస్తానంటే సంపాదకవర్గంలోని అన్నలు కొంచెం మొహం చిట్లించారు. సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చి బి.యస్సీ. చదువుతున్న నాకు అతనితో పనేమిటని వారి సందేహం. పని వుంది. అది మా ఇంటి జీపుతో మొదలై కెమిస్ట్రీ పుస్తకం దాకా వచ్చింది. ఓపిక పట్టి చదివితే మీకే తెలుస్తుంది.

గత వేసవి సెలవుల్లో మా తాతయ్య జీపును టౌనులో ఒక టింకరింగు షెడ్డుకు అప్పగించాం. నాకు ఇరవై యేళ్ళు. జీపు నాకంటే పెద్దది. తాతయ్య బతికున్న రోజుల్లో మిరపకాయ టిక్కీలు, ఎరువు బస్తాలు, పెళ్ళివారు, జబ్బు మనుషులు అందరూ అందులోనే ప్రయాణం చేశారు. ఆయన పోయాక నాలుగేళ్ళపాటు అది కొట్టం పక్కన వేపచెట్టు కింద పడివుంది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. నేల రేకు తుప్పుపట్టి, చేత్తో నొక్కితే పెళ్ళలుగా రాలేది. ఆ యేడు మిర్చికి కాస్త ధర పలికేసరికి నాన్న దాన్ని బాగుచేయించాలని నిశ్చయించారు. షెడ్డులో దగ్గరుండి చూసుకునే పని నాకు పడింది.

మొదటిరోజే మేస్త్రి ఒక ప్రశ్న వేశాడు. ఎడమవైపు మడ్గార్డు మీద జానెడు సొట్ట వుంది. దాన్ని తట్టి తీసి, లప్పం పెట్టి, కొత్త బండిలా నున్నగా చేయాలా, లేక అలాగే వదిలెయ్యాలా అని. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకంటే అది మామూలు సొట్ట కాదు. ఒక వర్షపు రాత్రి, నొప్పులు పడుతున్న మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళుతూ తాతయ్య కల్వర్టు గోడకు బండి రాసేశాడు. ఆ తెల్లవారుజామున పుట్టినవాణ్ణి నేను. రెండురోజులు ఆగమని మేస్త్రిని అడిగాను.

మా మేనత్త కొడుకు ఆ షెడ్డులోనే పనిచేస్తాడు. పదిహేనేళ్ళప్పుడు చేరాడు, తొమ్మిదేళ్ళయింది. బ్రేకులు, క్లచ్చులు బావ విభాగం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఫోనులో అతను నాకొక కార్ల వెంటాట చూపించాడు. శాన్ ఫ్రాన్సిస్కో కొండ రోడ్ల మీద ఒక ఆకుపచ్చ కారు, ఒక నల్ల కారు గాలిలోకి లేచి మళ్ళీ నేలమీద పడుతూ పరుగెత్తుతున్నాయి. పాట లేదు, మాట లేదు, వాద్యం కూడా లేదు. ఇంజన్ల రొద, టైర్ల అరుపు అంతే. ఆకుపచ్చ కారు తోలుతున్న మనిషి పేరు స్టీవ్ మెక్వీన్ అని బావ చెప్పాడు. ఆ రాత్రి నుంచి అతని గురించి దొరికినదల్లా చదివాను.

మెక్వీన్ 1930 మార్చి 24న అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బీచ్ గ్రోవ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి విమానాలతో గారడీలు చేసే పైలట్. కొడుకు పుట్టిన కొద్ది నెలలకే భార్యను, బిడ్డను వదిలి పోయాడు. తల్లి చిన్నది, తాగుడు అలవాటు. పిల్లవాణ్ణి సాకలేక మిస్సోరీ రాష్ట్రంలో స్లేటర్ అనే పల్లెలో వున్న తన మేనమామ క్లాడ్ ఇంటికి చేర్చింది. క్లాడ్ పందులు పెంచే రైతు. తెల్లవారకముందే లేవాలి, పశువుల పని చూడాలి, పని ఎగ్గొడితే శిక్ష పడుతుంది. కానీ ఆ ముసలాయన మనిషి మంచివాడు. నాలుగో పుట్టినరోజుకు పిల్లవాడికి ఎర్రరంగు మూడుచక్రాల సైకిలు కొనిచ్చాడు. తనకు పందేల పిచ్చి పట్టించింది ఆ సైకిలేనని మెక్వీన్ పెద్దయ్యాక తలుచుకునేవాడు. నేలతో, గొడ్డుతో పెరిగిన మనలాంటివారికి ఈ భాగం చదువుతుంటే పరాయి దేశం కథలా అనిపించదు.

ఆ నీడ ఎక్కువకాలం నిలవలేదు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని కొడుకును తనతో తీసుకుపోయింది. మారుటి తండ్రి చేతిలో దెబ్బలు తిన్నాడు. ఇల్లు వదిలి వీధుల్లో తిరిగాడు. చిన్న దొంగతనాలు నేర్చాడు. మళ్ళీ స్లేటరు వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. తల్లి ఇంకొకర్ని పెళ్ళాడి లాస్ ఏంజిలస్ చేరాక అక్కడా అదే వరస, అవే దెబ్బలు. పైగా చెవిపోటు వచ్చి ఒక చెవి సరిగా వినిపించేది కాదు. అక్షరాలు తారుమారుగా కనిపించే డిస్లెక్సియా అనే ఇబ్బంది కూడా వుండేది. బడిలో మొద్దు అన్నారు. బయట రౌడీ అన్నారు. చివరికి కాలిఫోర్నియాలో చినో అనే చోట వున్న బాయ్స్ రిపబ్లిక్ అనే దిద్దుబాటు పాఠశాలకు పంపారు.

మొదట అక్కణ్ణుంచి కూడా పారిపోయాడు. పట్టుకొచ్చారు. అక్కడ పిల్లలే తమ పాలన తాము చూసుకునే పద్ధతి వుంది. మెల్లగా కుదురుకుని, ఆ పిల్లల మండలికి ఎన్నికయ్యేదాకా వచ్చాడు. పెద్ద తార అయ్యాక కూడా ఈ బడిని మరువలేదు. ఒక సినిమా ఒప్పుకునేటప్పుడు నిర్మాతలను డజన్లకొద్దీ జీన్స్ ప్యాంట్లు, షేవింగు రేజర్లు ఇమ్మని పట్టుబట్టేవాడట. ఇంత డబ్బున్నవాడికి ఈ కక్కుర్తి ఏమిటని వాళ్ళు నవ్వుకున్నారు. అవన్నీ చినోలోని పిల్లలకు పోతున్నాయని తరువాత ఎప్పుడో తెలిసింది. సామాను పంపి ఊరుకోలేదు, తనే వెళ్ళి ఆ పిల్లలతో కూర్చునేవాడు. ఈ రోజు అక్కడి ఆటల భవనానికి అతని పేరే వుంది.

బడి నుంచి బయటపడ్డాక ఓడ పని, చమురు బావుల పని, ఏది దొరికితే అది చేశాడు. 1947లో అమెరికన్ మెరైన్ దళంలో చేరాడు. క్రమశిక్షణ ఇక్కడా కష్టమే అయింది. సెలవు దాటి తిరిగొచ్చినందుకు 41 రోజులు సైనిక జైలులో వుంచారు. ఆ దళంలో వుండగా అతనికి పడిన పనుల్లో ఒకటి ఓడలోని ఆవిరి పైపులకు చుట్టిన ఆస్బెస్టాస్ పొరను గీకి తీయడం. తెల్లగా దుమ్ము లేచేది. ఊడ్చేశారు, మరిచిపోయారు. పాఠక మిత్రులు ఈ ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. కథ చివర దీనితో పని వుంది.

1950లో దళం నుంచి గౌరవంగానే విడుదలయ్యాడు. మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ముతో న్యూయార్కులో నేబర్‌హుడ్ ప్లేహౌస్ అనే సంస్థలో నటన నేర్చుకున్నాడు. సొమ్ము చాలేది కాదు. శని ఆదివారాల్లో లాంగ్ ఐలండ్ సిటీలో మోటారు సైకిలు పందేలకు వెళ్ళి గెలిచిన డబ్బు తెచ్చుకునేవాడు. అంటే నటుడు కావడానికి పందేలు అక్కరకు వచ్చాయి. తరువాత పందేలకు నటన అక్కరకు వచ్చింది.

1958లో మొదలైన ఒక టెలివిజన్ కౌబాయ్ సీరియల్ అతన్ని ఇంటింటికీ తెలిసినవాణ్ణి చేసింది. 1960లో ది మాగ్నిఫిసెంట్ సెవెన్, 1963లో ది గ్రేట్ ఎస్కేప్ వచ్చాయి. రెండో సినిమాలో జర్మన్ ఖైదు నుంచి మోటారు సైకిలు మీద పారిపోయే ఘట్టం ప్రపంచమంతా చూసింది. బండి అంతా తనే తోలాడు కానీ ముళ్ళకంచె మీదుగా దూకిన ఆ ఒక్క దూకు మాత్రం అతని స్నేహితుడు బడ్ ఎకిన్స్‌ది. దూకింది తను కాదని మెక్వీన్ దాచుకోలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, తనను వెంటాడే జర్మన్ సైనికుల్లో ఒకడి వేషం వేసి తన వెంట తనే పడ్డాడు. అంత జోరుగా బండి తోలేవాళ్ళు తక్కువయ్యారట. 1966 నాటి ది శాండ్ పెబుల్స్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బహుమతి రాలేదు.

ఇక కార్ల సంగతి. ఈ మనిషికి కార్లు మోజు వస్తువులు మాత్రమే కావు. చేతులకు నూనె మరకలు అంటించుకుని పనిచేసేవాడు. 1950ల చివర్లో జాగ్వార్ ఎక్స్‌కె ఎస్సెస్ అనే కారు పాతది ఒకటి కొన్నాడు. 1957 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని ఆ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోవడంతో అలాంటివి ప్రపంచం మొత్తం మీద 16 మాత్రమే తయారయ్యాయి. దాని తెలుపు రంగు తీసేయించి ముదురు ఆకుపచ్చ వేయించాడు. లోపల ఎర్రతోలు తీయించి నల్లతోలు కుట్టించాడు. ఆ కుట్టుపని చేసిన టోనీ నాన్సీ తనే ఒక పందేల డ్రైవరు. కొన్నాళ్ళకు కారు అమ్మేశాడు. మనసు ఒప్పక, ఏళ్ళు గడిచాక మళ్ళీ అదే కారు వెతికి కొనుక్కున్నాడు. ఇప్పుడది లాస్ ఏంజిలస్‌లోని పీటర్సన్ మ్యూజియంలో వుంది. పాత మోటారు సైకిళ్ళ సంతల్లో కూడా తుప్పుపట్టిన ట్యాంకులు, హ్యాండిళ్ళు బేరమాడుతూ తిరిగేవాడు. అతను పోయేనాటికి వందకు పైగా మోటారు సైకిళ్ళు వున్నాయి. 1971లో పందేల కార్లకు సరిపోయే ఒక సీటు ఆకారానికి పేటెంటు కూడా సంపాదించాడు.

బావ చూపించిన వెంటాట బుల్లిట్ సినిమాలోది. 1968 అక్టోబరులో విడుదలైంది. తీసింది మెక్వీన్ సొంత కంపెనీ, దర్శకుడు పీటర్ యేట్స్. అందులో ఆకుపచ్చ కారు ఫోర్డు మస్టాంగ్ జి.టి. 390. అమెరికావాళ్ళు మజిల్ కారు అని పిలిచే జాతి అది. ఒక మోస్తరు సైజు శరీరంలో చాలా పెద్ద ఇంజను పెట్టి, ధర మాత్రం కుర్రకారుకు అందేలా వుంచడం ఆ జాతి సూత్రం. 390 అంటే ఇంజను ఘనపరిమాణం, ఘనపు అంగుళాల్లో. మన లెక్కలో సుమారు 6.4 లీటర్లు. మా జీపు ఇంజను లాంటివి మూడు దాంట్లో పడతాయి. బలం 325 హార్సుపవరు. నల్ల కారు డాడ్జ్ ఛార్జరు, అది ఇంకా పెద్దది.

అయితే కొన్న కారు కొన్నట్టు కొండల మీద ఎగిరితే చట్రం విరుగుతుంది. అందుకని రెండు మస్టాంగులను మాక్స్ బాల్చౌస్కీ అనే మెకానిక్ చేతికి ఇచ్చారు. ముందు చక్రాల పైన షాక్ అబ్సార్బర్లు బిగించే చోట అదనంగా రేకులు వెల్డింగు చేశాడు, గట్టి స్ప్రింగులు వేశాడు, ఇంజనును సాగదీశాడు. కొత్త కారు మెరుపు తెరమీద బాగుండదని పేరు బిళ్ళలు పీకేశారు, మెరుపు తగ్గించారు. ఒక పోలీసు రోజూ తోలే కారులా కనిపించాలని. రెంటిలో ఒకటి దగ్గరి దృశ్యాలకు, రెండోది దూకడాలకు. దూకే కారును ఎక్కువగా తోలింది మళ్ళీ బడ్ ఎకిన్సే. దగ్గరి దృశ్యాల్లో స్టీరింగు మెక్వీన్‌ది. వేగం గంటకు 175 కిలోమీటర్లు దాటింది. పదకొండు నిమిషాలకు కాస్త తక్కువైన ఆ ఘట్టాన్ని అతికినందుకు ఎడిటరు ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ వచ్చింది. అంత గొప్ప అతుకులోనూ ఒక ఆకుపచ్చ బీటిల్ కారు ఎన్నిసార్లు దాటిపోయినా మళ్ళీ ముందే కనిపిస్తుంది. తరువాత చూసినప్పుడు లెక్కపెట్టండి.

1970 మార్చిలో ఫ్లోరిడాలో సెబ్రింగ్ పన్నెండు గంటల పందెం. రెండువారాల ముందు మోటారు సైకిలు పందెంలో మెక్వీన్ ఎడమపాదం విరిగింది. కాలికి కట్టు వుండగానే ఆ పాదంతో క్లచ్చు తొక్కుతూ పీటర్ రెవ్సన్‌తో కలిసి చిన్న పోర్షె కారు తోలాడు. ఎక్కువ భాగం తోలింది రెవ్సనే, అది నిజం. మొదట వచ్చిన మారియో ఆండ్రెట్టి ఫెరారీకి, వీళ్ళకు తేడా అర నిమిషం కూడా లేదు.

ఆ మరుసటి యేడు వచ్చిన ల మాన్స్ సినిమా మాత్రం అతన్ని ముంచింది. కథ కుదరకుండానే షూటింగు మొదలుపెట్టారు. డేవిడ్ పైపర్ అనే డ్రైవరు ప్రమాదంలో మోకాలి కింద కాలు పోగొట్టుకున్నాడు. డబ్బు పోయింది, మొదటి భార్యతో కాపురం కూలింది. మెక్వీన్ మంచి భర్త కాడు. కోపిష్ఠి, అనుమానపు మనిషి. తోటి నటులకు ఎన్ని డైలాగులు వున్నాయో లెక్కపెట్టుకునేవాడు. చిన్నప్పుడు పడిన సొట్టలు పైకి కనిపించకపోయినా లోపల అలాగే వున్నాయని నాకనిపిస్తుంది. రేకుకు పడిన సొట్టకు లోపల డాలీ ఆనించి, పైనుంచి సుత్తితో మెల్లగా తడితే రేకు మళ్ళీ దారికొస్తుంది. బాయ్స్ రిపబ్లిక్ కొంతవరకు ఆ పని చేసింది. అంతా చేయలేకపోయింది.

1974లో ది టవరింగ్ ఇన్ఫెర్నో తరువాత ప్రపంచంలో అత్యధిక పారితోషికం తీసుకునే నటుల్లో ఒకడై వుండి కూడా, చాలాకాలం తెరకు దూరంగా వుండిపోయాడు. 1979లో పాత స్టియర్‌మన్ విమానం ఒకటి కొని ఎగరడం నేర్చుకున్నాడు. శాంటా పౌలా విమానాశ్రయంలో విమానం పెట్టే షెడ్డులోనే, తన మోటారు సైకిళ్ళ మధ్య కాపురం వున్నాడు. తనను ఎత్తుకుని ఎరగని తండ్రి చేసిన పని నలభై తొమ్మిదో యేట నేర్చుకున్నాడన్నమాట.

అప్పటికే దగ్గు మొదలైంది. 1979 డిసెంబరులో పరీక్ష చేస్తే మీసోథీలియోమా అని తేలింది. ఊపిరితిత్తులను కప్పివుండే పలచని పొరకు వచ్చే క్యాన్సరు అది. దానికి ముఖ్యమైన కారణం ఒకటే, ఆస్బెస్టాస్. ఆ పేరు చదివాక నేను పుస్తకం ముందు అలాగే కూర్చుండిపోయాను.

ఆస్బెస్టాస్ రాయి. రసాయనంగా సిలికేట్. కానీ పత్తిలా పోగులుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, ఆమ్లాలకు సులభంగా లొంగదు, చౌక. అందుకే పైపుల చుట్టూ చుట్టారు, పందెం డ్రైవర్ల దుస్తుల్లో నేశారు, మన ఇళ్ళ సిమెంటు రేకుల్లో కలిపారు, వేడి పుట్టే బ్రేకు లైనింగుల్లో, క్లచ్చు ప్లేట్లలో వేశారు. ఒక్కో పోగు వెంట్రుక మందంలో వందో వంతు కూడా వుండదు. పీల్చితే లోపలికంటా పోయి పొరలో గుచ్చుకుంటుంది. ఒంట్లోని కణాలు దాన్ని అరిగించలేవు, బయటికి తోయలేవు. ఇరవై నుంచి యాభై యేళ్ళు ఏమీ కాదు. ఆ తరువాత దగ్గు వస్తుంది. మెక్వీన్ ఓడలో పైపులు గీకింది 1940ల చివర్లో, జబ్బు బయటపడింది 1979లో. మధ్యలో ముప్ఫై యేళ్ళు. ఓడ పనిని, పందెం దుస్తులను అతనే అనుమానించాడు. ఏ పోగు ఎక్కడిదో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

అమెరికా డాక్టర్లు చేయగలిగింది లేదన్నారు. అతను మెక్సికో వెళ్ళి శాస్త్రం ఒప్పుకోని వైద్యాలు చేయించుకున్నాడు. అవి నిలపలేదు. చివరికి మెక్సికోలోనే స్యూడాడ్ హువారెస్ అనే ఊళ్ళో కణితులు తీయించుకున్నాడు. ఆపరేషను అయిన కొద్ది గంటలకే, 1980 నవంబరు 7న గుండె ఆగి పోయాడు. అప్పటికి వయస్సు యాభై. చినోలోని బడికి రెండు లక్షల డాలర్లు రాసి పోయాడు. చితాభస్మాన్ని పసిఫిక్ సముద్రంలో కలిపారు.

మనిషి కథ అయిపోయింది. కార్ల కథ మిగిలింది. దగ్గరి దృశ్యాల్లో వాడిన మస్టాంగును సినిమా తరువాత అమ్మేశారు. చేతులు మారి 1974లో న్యూజెర్సీలో ఒక కుటుంబానికి చేరింది. వాళ్ళిచ్చిన వెల ఆరువేల డాలర్లు. ఆ ఇంటి ఇల్లాలు బడిపంతులు, అందులోనే బడికి వెళ్ళి వచ్చేది. 1977లో మెక్వీన్ స్వయంగా ఆ కుటుంబానికి వుత్తరం రాశాడు, కారు తనకు అమ్మమని. కొత్తగా చేయించడం తన వుద్దేశం కాదని, సినిమాలో వున్నది వున్నట్టుగానే తన ఇంట్లో వుంచుకుంటానని అందులో తెలిపాడు. వాళ్ళు ఇవ్వలేదు. 1980లో క్లచ్చు పోతే కారును షెడ్డులో పెట్టారు. యజమాని పోయాక కొడుకు దాన్ని నడిచేలా చేశాడు కానీ రంగు వేయించలేదు, సొట్టలు తీయించలేదు, తుప్పు మరకలు తుడవలేదు. 2018 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో లోకానికి చూపించాడు. 2020 జనవరిలో వేలంలో కమీషనుతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. మస్టాంగులన్నిటిలో అప్పటికి అదే రికార్డు ధర.

దూకిన కారు కథ ఇంకో రకం. తుక్కు అయిపోయిందనే అంతా అనుకున్నారు. మెక్సికోలో బాహా ప్రాంతంలో ఒక పెరట్లో పడివున్న పాత మస్టాంగు బొందెను ఒకాయన కొన్నాడు. ఇంకో సినిమాలోని మస్టాంగు నమూనాగా మార్పించాలని ఒక బాడీషాపుకు ఇచ్చాడు. అక్కడ పనివాళ్ళు కోసేముందు నెంబరు సరిచూశారు. షాక్ అబ్సార్బర్ల దగ్గర పాత వెల్డింగు అతుకులు కనిపించాయి. పని ఆపేశారు. 2017లో నిపుణుడు వచ్చి అది బుల్లిట్ కారేనని ధ్రువపరచాడు. బాల్చౌస్కీ వేసిన అతుకులే దాన్ని పట్టించాయి. ముందు లప్పం పెట్టి, రంగు కొట్టి, తరువాత చూద్దామనుకుని వుంటే ఆ సాక్ష్యం శాశ్వతంగా పోయేది.

ఇది చదివిన మర్నాడే మేస్త్రికి జవాబు చెప్పాను. నేల రేకు మొత్తం కోసి కొత్తది వేయాలి, తుప్పు గీకి ప్రైమరు కొట్టాలి, మడ్గార్డు సొట్ట మాత్రం అలాగే వుంచాలి. మేస్త్రి నవ్వి ఒప్పుకున్నాడు, అతనికి కూలి తగ్గింది అంతే. నాన్న కాసేపు గొణిగారు. డబ్బు పోసి సొట్టబండి తెచ్చావేమిరా అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. బండి ఇంటికొచ్చాక ఆ సొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది.

సొట్ట సంగతి తేలిక. రెండో సంగతి అంత తేలిక కాదు. బ్రేకులు విప్పిన రోజు బావ డ్రమ్ములు పక్కన పెట్టి, షూల మీద, లోపల పేరుకున్న బూడిదరంగు దుమ్మును కంప్రెసరు గాలితో వూదాడు. షెడ్డులో అందరూ చేసేది అదే. ఎండ కిరణంలో ఆ దుమ్ము చాలాసేపు తేలింది. బావ ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకున్నాడు. మా జీపు లైనింగు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వేయడం మామూలు. ఇప్పుడు అది లేనివి దొరుకుతాయి కానీ, దుమ్ములో వుందో లేదో కంటితో చూసి చెప్పలేం, మైక్రోస్కోపు కావాలి. తుండుగుడ్డ ఆ పోగులను ఆపదు. అరవైకి పైగా దేశాలు ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి. మనం రేకుల కోసం ఇప్పటికీ దిగుమతి చేసుకుంటున్నాం.

నేను తెలిసినంత చెప్పాను. గాలి కొట్టకూడదు, డ్రమ్ము విప్పగానే నీళ్ళతో తడిపి తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను కవరులో కట్టి పారెయ్యాలి, పోగులను ఆపే మాస్కు పెట్టుకోవాలి, ఆ బట్టలతో ఇంటికి పోయి పిల్లల్ని ఎత్తుకోకూడదు. షెడ్డులో ఒకళ్ళిద్దరు నవ్వారు. కాలేజీ చదువు దుమ్ముకు కూడా పాఠం చెబుతోందన్నారు. బావ నవ్వలేదు. తొమ్మిదేళ్ళ నుంచి వూదుతున్నానే, మరి ఇప్పటిదాకా పోయింది ఏమవుతుందని అడిగాడు.

కెమిస్ట్రీలో నాకు ఫస్టుక్లాసు మార్కులు వచ్చాయి. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఆ దుమ్ములో ఏమీ లేకపోయి వుండవచ్చు. వుండివుండవచ్చు కూడా. తెలియడానికి ముప్ఫై యేళ్ళు పడుతుందని చెప్పడానికి నోరు రాలేదు. ఇకమీదట పోకుండా చూసుకుందాం బావా అని మాత్రం అన్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు షెడ్డుకు వెళ్ళాను. బావ దగ్గర ఒక నీళ్ళ బకెట్టు, తడిగుడ్డలు వున్నాయి. నేను కొని ఇచ్చిన మాస్కు మేకుకు వేలాడుతోంది, పట్టీ దగ్గర చెమట మరక వుంది. అంటే పెట్టుకుంటున్నాడు. పక్క స్టాండులో కొత్తగా చేరిన కుర్రవాడు మాత్రం ఆటో డ్రమ్ములోకి గాలి కొడుతున్నాడు. బావ వెళ్ళి అతని చేతిలోంచి గొట్టం తీసుకుని, బకెట్టు అతని ముందుకు జరిపాడు.